షుగర్, బీపీ ఉన్నవాళ్లకి వైరస్ జ్వరం వస్తే ఇక అంతేనా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. 2021 మే నెలలో మా నాన్నగారు కోవిడ్‌తో పోయారు. అప్పటికి ఆయనకి 64 ఏళ్లు. షుగర్, బీపీ ఉండేవి. జ్వరం వచ్చిన ఆరో రోజున ఆస్పత్రిలో చేర్చాం, నాలుగు రోజులే ఉన్నారు. "కోమార్బిడిటీస్ ఉన్నాయమ్మా, మేం మాత్రం ఏం చేస్తాం" అన్నారు అక్కడి డాక్టర్లు. ఇప్పుడు మా అమ్మకి 61. షుగర్ వచ్చి 14 ఏళ్లయింది, బీపీ కూడా ఉంది. ఈమధ్య పరీక్షలో మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 9.2, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.5 వచ్చాయి. పోయిన నెలలో వైరల్ జ్వరం వచ్చింది. అన్నం తినట్లేదు కదా అని షుగర్ మాత్రలు ఆపేసింది. బీపీ మాత్ర కరోనాకి మంచిది కాదని అప్పట్లో ఎవరో చెప్పారట, అదీ మానేసింది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు రెండు సూదులు వేసి సెలైన్ పెట్టారు. మూడు రోజులకి షుగర్ 420కి పోయింది. ఎలాగో గట్టెక్కింది. "మీ నాన్న లాగే నేనూ ఏదో ఒక జ్వరంలో పోతాను, ఈ మాత్రలన్నీ ఎందుకు" అంటోంది. షుగర్, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి వైరస్ సోకితే నిజంగా అంతేనా? నాన్నని ముందే తీసుకెళ్లి ఉంటే బతికేవారా? పేరు వేయకండి.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగిన వాటిలో మొదటిదానికి జవాబు వెంటనే చెప్పేస్తాను. అంతే కాదు. మీ అమ్మగారిలాంటి వాళ్లకి ప్రమాదం ఎక్కువన్న మాట నిజం. అయితే ఆ ప్రమాదం జబ్బు పేరును బట్టి రాదు. జ్వరం వచ్చిన రోజుకి ఆ జబ్బు ఎంత అదుపులో ఉంది, అవయవాల్లో ఎంత ఓపిక మిగిలి ఉంది, ఇంట్లోవాళ్లు ఎన్నో రోజున మేల్కొన్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ మూడింటిలో చాలా భాగం మన చేతుల్లో ఉన్నదే. అందుకే మీ అమ్మగారు మాత్రలు ఎందుకనడం నన్ను కలవరపెడుతోంది.

ఆ "కోమార్బిడిటీస్" అన్న మాట గురించి ముందు చెప్పాలి. 2020, 21లలో రోజూ సాయంత్రం బులెటిన్‌లో ఇంతమంది చనిపోయారని చెప్పి, వాళ్లలో చాలామందికి ఇతర జబ్బులున్నాయని పక్కనే చెప్పేవారు. ఏ జబ్బూ లేనివాళ్లకి ధైర్యం చెప్పడానికి వాడిన మాట అది. కానీ మన ఇళ్లలో షుగర్ లేని ఇల్లు ఏది? ఆ మాట విన్న ప్రతి షుగర్ మనిషికీ తన పేరు జాబితాలో ఎక్కేసినట్టే అనిపించింది. ఇంకా బాధాకరమైన సంగతి, ఆస్పత్రుల్లో మంచం లేక, ఆక్సిజన్ అందక పోయినవాళ్ల విషయంలోనూ అదే మాట చెప్పి చేతులు దులుపుకున్న సందర్భాలు ఉన్నాయి. ఆ మాట మీ ఇంట్లో ఇన్నేళ్లు ఉండిపోయింది. మీ అమ్మగారు ఇప్పుడు అంటున్నది ఆ మాటనే.

భయానికి మూలమైన లెక్కలు 2020 ఫిబ్రవరిలో చైనా నుంచి వచ్చాయి. అక్కడ నిర్ధారించిన 44,672 కేసులను చూస్తే, మొత్తమ్మీద నూటికి 2.3 మంది చనిపోయారు. ఏ జబ్బూ లేనివాళ్లలో అది 0.9. గుండె జబ్బులున్నవాళ్లలో 10.5, షుగర్ ఉన్నవాళ్లలో 7.3, దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లలో 6.3, బీపీ ఉన్నవాళ్లలో 6. అప్పట్లో ఈ అంకెలు చూసి నాకూ నిద్ర పట్టలేదు. కానీ ఇదే లెక్కను రెండోవైపు నుంచి చదవండి. టీకా లేదు, ఏ మందు పనిచేస్తుందో తెలియదు, ఆస్పత్రులు కిక్కిరిసి ఉన్నాయి. అలాంటి రోజుల్లో కూడా షుగర్ ఉన్న నూరుమందిలో 92 మందికి పైగా బతికారు. ఇంకో సంగతి, ఈ లెక్కలో వయసును విడదీయలేదు. షుగర్, గుండె జబ్బు ఎక్కువగా ఉండేది పెద్దవాళ్లలో. పెద్దవయసే ఒక పెద్ద ప్రమాదం. రెండూ కలిసిపోయి జబ్బు లెక్క ఇంకా భయంకరంగా కనిపించింది.

వయసు ప్రభావం ఎంతో మన రాష్ట్రపు లెక్కల్లోనే ఉంది. 2020లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడులలో కేసులనూ, వాళ్లతో కలిసి తిరిగిన లక్షలమందినీ పరిశీలించి ఒక పెద్ద అధ్యయనం చేశారు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో కోవిడ్ సోకినవాళ్లలో మరణాలు 0.05 శాతం. 85 దాటినవాళ్లలో 16.6 శాతం. అదే అధ్యయనంలో, చనిపోయినవాళ్లలో సుమారు 63 శాతం మందికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉంది, 45 శాతం మందికి షుగర్ ఉంది. దయచేసి ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. చనిపోయిన నూరుమందిలో 45 మందికి షుగర్ ఉందంటే, షుగర్ ఉన్న నూరుమందిలో 45 మంది చనిపోయారని కాదు. ఈ రెండింటి మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. కానీ చాలా ఇళ్లలో రెండో విధంగానే అర్థం చేసుకున్నారు.

వయసునూ ఇతర కారణాలనూ తీసి పక్కనపెట్టి, ఒక్కో జబ్బు ఒంటరిగా ఎంత ప్రమాదం పెంచుతుందో చూసింది ఇంగ్లండ్. దాదాపు కోటీ 70 లక్షల మంది పెద్దవాళ్ల వైద్య రికార్డులు తీసి చూశారు. మీకు సంబంధించిన అంకెలు ఇవీ. షుగర్ ఉండి, మూడు నెలల షుగర్ 7.5 లోపు ఉన్నవాళ్లకి చనిపోయే ప్రమాదం షుగర్ లేనివాళ్లతో పోలిస్తే 1.3 రెట్లు. అది 7.5 గానీ, దాటి గానీ ఉన్నవాళ్లకి దాదాపు రెండు రెట్లు. అదే జబ్బు, అదే పేరు. తేడా అంతా అదుపులోనే ఉంది. మీ అమ్మగారిది 9.2. "ఈ మాత్రలన్నీ ఎందుకు" అని ఆవిడ అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇదే: రెండు రెట్ల గీత నుంచి ఇటువైపు రావడానికి. ఈ అంకెని ఆవిడకి మీరే చదివి వినిపించండి.

కిడ్నీల సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా వినాలి. క్రియాటినిన్ 1.5 అనగానే "1.2 ఉండాలి, కాస్త పెరిగింది, అంతేగా" అనుకుంటారు. చాలామంది అలాగే అనుకుని రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేస్తారు. కానీ 61 ఏళ్ల స్త్రీకి క్రియాటినిన్ 1.5 అంటే, కిడ్నీలు రక్తాన్ని వడపోసే వేగం సుమారు 39, 40 ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలకి 90 దాకా, ఆ పైనా ఉండాలి. అంటే సగానికి పైగా పని ఇప్పటికే తగ్గిపోయింది. ఇంగ్లండ్ లెక్కలో ఈ వేగం 30కీ 60కీ మధ్య ఉన్నవాళ్లకి ప్రమాదం 1.3 రెట్లే, 30 కంటే దిగువకి పడిపోతే రెండున్నర రెట్లు. మీ అమ్మగారు ఈ రెండింటి మధ్య గట్టు మీద నిలబడి ఉన్నారు. ఆ గట్టు దిగకుండా చూసుకోవడమే ఇకమీదట మీ ఇంట్లో అన్నిటికంటే ముఖ్యమైన పని. జ్వరం వచ్చినప్పుడు చేసే పొరపాట్లే ఎక్కువగా ఆ గట్టు దింపేస్తాయి. ఆ విషయానికి కింద వస్తాను.

బీపీ విషయంలో మంచి వార్త. మిగతా జబ్బుల ప్రభావం తీసేస్తే, బీపీ ఒక్కటే ఉన్నందువల్ల కోవిడ్‌లో మరణ ప్రమాదం పెరిగినట్టు ఆ అధ్యయనంలో తేలలేదు. ఏళ్ల తరబడి అదుపు లేని బీపీ గుండెనీ కిడ్నీలనీ పాడుచేస్తే, ఆ పాడైన గుండె, కిడ్నీలే అప్పుడు ఇబ్బంది పెడతాయి. మామూలు ఆస్తమా కూడా, తరచూ స్టెరాయిడ్ మాత్రలు మింగాల్సిన స్థాయిలో లేకపోతే, ప్రమాదాన్ని పెద్దగా పెంచలేదు. ఎనభై దాటినవాళ్లకి యాభైల్లో ఉన్నవాళ్లతో పోలిస్తే ప్రమాదం 20 రెట్లు. దాని పక్కన పెట్టి చూస్తే షుగర్ తెచ్చే రెండు రెట్లు ఎంతో అర్థమవుతుంది.

అసలు ఎందుకిలా జరుగుతుంది? మీ వైపు బావుల సంగతి మీకు తెలుసు. నిండుగా నీళ్లున్న బావి, అడుగున కాసిన్ని నీళ్లున్న బావి, రెండింట్లోనూ మామూలు రోజుల్లో చేద వేస్తే నీళ్లే వస్తాయి. ఎండలు ముదిరినప్పుడు గానీ తేడా తెలియదు. షుగర్, గుండె, కిడ్నీ జబ్బులు ఏళ్ల తరబడి ఆ నీటిమట్టాన్ని దించుతూ వస్తాయి. మనిషి పైకి బాగానే ఉంటారు, పనులు చేసుకుంటారు, గుడికి వెళ్లొస్తారు. వైరస్ జ్వరం ఒక్కసారిగా వచ్చే వేసవి. జ్వరం డిగ్రీ పెరిగేకొద్దీ గుండె వేగం పెరుగుతుంది, ఒళ్లు ఆక్సిజన్ ఎక్కువ అడుగుతుంది. రక్తనాళాలు సన్నబడిన గుండెకి ఆ డిమాండ్ తీర్చడం కష్టం. 2018లో కెనడాలోని ఒంటారియో నుంచి వచ్చిన ఒక అధ్యయనం నేను ఇప్పటికీ మా జూనియర్లకి చెబుతుంటాను. ఫ్లూ నిర్ధారణ అయిన తర్వాతి ఏడు రోజుల్లో గుండెపోటు వచ్చే అవకాశం మామూలు రోజులతో పోలిస్తే ఆరు రెట్లు ఉందని తేలింది. "మామూలు జలుబు జ్వరమేగా" అనుకునే ఫ్లూ సంగతి ఇది.

షుగర్ దగ్గర జరిగేది వేరు. రక్తంలో గ్లూకోజ్ బాగా ఎక్కువగా ఉంటే సూక్ష్మజీవులతో పోరాడే తెల్ల రక్తకణాలు మందకొడిగా పనిచేస్తాయి. జ్వరం రాగానే ఒంట్లో కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. అవి కాలేయంలో దాచిన గ్లూకోజ్‌ని బయటికి పంపిస్తాయి, ఇన్సులిన్‌ని సరిగా పనిచేయనివ్వవు. అందుకే ముద్ద తినకపోయినా షుగర్ పెరుగుతుంది. షుగర్ పెరిగితే ఒంట్లో నీరు మూత్రంలో పోతుంది, నీరు పోతే కిడ్నీలు ఎండుతాయి. మీ అమ్మగారికి మూడు రోజుల్లో 420 ఎలా వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా. ఆ రెండు సూదుల్లో ఒకటి స్టెరాయిడ్ అయి ఉంటే ఆ 420లో దానికీ వాటా ఉంటుంది. ఏం సూదులు వేశారో ఆర్‌ఎంపీ గారిని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆయనతో గొడవ పడమని కాదు, అర్ధరాత్రి పిలిస్తే పలికేది ఆయనే. కానీ ఒకటి స్టెరాయిడ్, రెండోది డైక్లోఫెనాక్ లాంటి నొప్పి సూది అయితే, షుగర్, కిడ్నీ రెండూ ఉన్న మనిషికి అవి రెండూ వద్దు. ఈ మాట ఆయనకి ముందే, జ్వరం లేని రోజునే, మర్యాదగా చెప్పి ఉంచండి.

స్టెరాయిడ్ గురించి ఒక వివరణ ఇస్తేనే న్యాయం. 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో, వెంటిలేటర్ మీద ఉన్న కోవిడ్ రోగుల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మరణాలను మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అందుకుంటున్నవాళ్లలో అయిదో వంతు తగ్గించింది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన చవకైన మందు అది. కానీ ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి దానివల్ల ఏ మేలూ కనిపించలేదు. ఆ రెండో వాక్యాన్ని మనం మరిచిపోయాం. 2021లో జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచే ఇంట్లో స్టెరాయిడ్లు మింగారు. షుగర్లు ఆకాశాన్నంటాయి. ఆ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చింది. దేశమంతటా 45 వేలకు పైగా కేసులు. హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రి ముందు ఆ మే, జూన్ నెలల్లో బారులు తీరిన కుటుంబాలను టీవీలో మీరూ చూసే ఉంటారు. కన్ను తీసేయాల్సి వచ్చిన వాళ్లలో చాలామంది వైరస్‌ని దాటి వచ్చినవాళ్లే.

ఇక మీ అమ్మగారు మాత్రలు ఆపేయడం. ఆవిడ పూర్తిగా తప్పు చేశారని నేననను. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుని ఏమీ తినకపోతే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో మరీను. ఏదో ఒకటి ఆపాలన్న ఆవిడ ఆలోచన వెనక అనుభవం ఉంది. తప్పెక్కడంటే, మందులన్నింటినీ ఒకే గాటన కట్టి ఆపేయడం. ఒక్కో మాత్రకి ఒక్కో నియమం ఉంది.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లు జ్వరంలో దాన్ని పూర్తిగా ఆపకూడదు. చాలాసార్లు ఎక్కువే కావాల్సి వస్తుంది. మోతాదు డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడి మార్చుకోవాలి. మెట్‌ఫార్మిన్, పేరు చివర గ్లిఫ్లోజిన్ అని వచ్చే మాత్రలు మామూలు జ్వరంలో, తింటూ తాగుతూ ఉంటే, వేసుకోవచ్చు. వాంతులు, విరేచనాలు ఉంటే, నీళ్లు కూడా దిగకపోతే, వాటిని ఆపి డాక్టర్‌కి చెప్పాలి. తినడం మొదలుపెట్టి ఒకటి రెండు రోజులయ్యాక మళ్లీ మొదలుపెట్టాలి. ఈ "మళ్లీ మొదలుపెట్టడం" చాలా ఇళ్లలో మరిచిపోతారు. వడపోత వేగం 40 దగ్గర ఉంది కాబట్టి ఆవిడ వాడే మెట్‌ఫార్మిన్ మోతాదు కూడా ఒకసారి డాక్టర్‌తో సరిచూయించండి. 45 కంటే తగ్గినవాళ్లకి సాధారణంగా మోతాదు తగ్గిస్తారు, 30 కంటే తగ్గితే ఆపేస్తారు.

బీపీ మాత్ర మానేయడం వెనక ఒక కథ ఉంది. 2020 మార్చిలో, టెల్మిసార్టాన్, రామిప్రిల్ జాతి బీపీ మందులు వైరస్ ఒంట్లోకి దూరే తలుపుల్ని పెంచుతాయేమోనని కొందరు శాస్త్రవేత్తలు అనుమానించారు. అది వాట్సాప్‌లో ఊరూరా పాకింది. తర్వాత బ్రెజిల్‌లో ఈ మందులు వాడుతూ కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరిన 659 మందిలో సగం మందికి మాత్రలు ఆపి, సగం మందికి కొనసాగించి చూశారు. ఏ తేడా రాలేదు. 2021 జనవరిలోనే ఆ ఫలితం వచ్చింది. అనుమానం మన ఊళ్లకి చేరింది, జవాబు చేరలేదు. కాబట్టి మామూలు జ్వరంలో బీపీ మాత్ర ఆపొద్దు. వాంతులు, విరేచనాలతో నీరసించిపోయి పైబీపీ 100 కంటే దిగువకి వస్తే మాత్రం, ఆ పూట మాత్ర వేసే ముందు డాక్టర్‌ని అడగండి. గుండెకి స్టెంట్ వేసినవాళ్లు ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ సొంతంగా ఎప్పుడూ ఆపకూడదు. డెంగీ అనుమానం ఉంటే ఆ నిర్ణయం అదే రోజు డాక్టర్ చేతుల్లో పెట్టండి.

జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ ఏదీ ఇవ్వకండి. మెడికల్ షాపులో "జ్వరం, ఒళ్లునొప్పులు" అని చెబితే కాగితం పొట్లంలో నాలుగు రకాలు కలిపి ఇస్తారు చూడండి, ఆ పొట్లం మీ ఇంటికి రాకూడదు. కొబ్బరినీళ్ల సంగతి మీ జిల్లావాళ్లకి చెప్పడం కష్టమే. జ్వరం వస్తే చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ రెండు బొండాలు పట్టుకొస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు సగం పనిచేస్తున్నవాళ్లు, అందులోనూ టెల్మిసార్టాన్ లాంటిది వాడుతున్నవాళ్లు, రోజుకి నాలుగైదు బొండాలు తాగితే ఒంట్లో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. మామూలు నీళ్లు, పలచని మజ్జిగ, గంజి కొద్దికొద్దిగా ఇవ్వండి. కషాయం ఇష్టమైతే తాగనివ్వండి, బెల్లం వేయకండి.

కనిపెట్టుకుని ఉండడం గురించి. గ్లూకోమీటర్, బీపీ మెషీన్, పల్స్ ఆక్సీమీటర్ మూడూ ఇంట్లో ఉండాలి. అప్పట్లో కొన్న ఆక్సీమీటర్ బీరువాలో ఉంటే తీసి బ్యాటరీలు మార్చండి. గోరింటాకూ రంగూ లేని వేలికి పెట్టి, చెయ్యి కదపకుండా ఒక నిమిషం చూడాలి. జ్వరం ఉన్నన్ని రోజులూ షుగర్ నాలుగు నుంచి ఆరు గంటలకోసారి చూడండి. 300 దాటి దిగకపోతే, దానికి తోడు వాంతులో ఆయాసమో ఉంటే, ఇంట్లో ఉంచొద్దు. ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, నిమిషానికి 24 సార్లకి మించి ఊపిరి తీస్తున్నా, మూత్రం బాగా తగ్గినా, మాట తడబడినా, ఛాతీ బరువుగా ఉందన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. తెల్లవారేదాకా ఆగకండి. కోవిడ్‌లో కొందరికి ఆక్సిజన్ 85కి పడిపోయినా ఆయాసం తెలిసేది కాదు. "బాగానే ఉన్నానమ్మా" అన్న మాటని నమ్మి ఆగిపోయిన కుటుంబాలను నేను చాలా చూశాను.

ఫ్లూ విషయంలో ఒక ప్రత్యేకమైన మాట. ఓసెల్టామివిర్ అనే మందు జ్వరం మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటే బాగా పనిచేస్తుంది. మీ అమ్మగారిలాంటి వాళ్లకి ఫ్లూ అనుమానం బలంగా ఉంటే పరీక్ష ఫలితం కోసం కూర్చోకుండా మొదలుపెట్టొచ్చు, కిడ్నీల వేగాన్ని బట్టి డాక్టర్ మోతాదు తగ్గిస్తారు. "మూడు రోజులు చూద్దాం" అన్న మన అలవాటు పాతికేళ్ల కుర్రాడికి సరిపోతుంది. ఆవిడకి సరిపోదు. ఆవిడ విషయంలో మొదటి రోజే ఫోన్, రెండో రోజే డాక్టర్.

టీకాలు మరిచిపోకండి. ఫ్లూ టీకా ఏటా ఒకటి, వానాకాలానికి ముందు వేయిస్తే మంచిది. న్యుమోనియా టీకా ఏది, ఎన్ని డోసులని డాక్టర్‌ని అడగండి. గుండెపోటు వచ్చిన కొద్దిరోజుల్లోనే ఫ్లూ టీకా వేసినవాళ్లలో ఆ తర్వాతి ఏడాదిలో మరణాలు తగ్గాయని 2021లో ఒక అంతర్జాతీయ అధ్యయనం చూపించింది. గుండె మందుల చీటీలో ఫ్లూ టీకా కూడా రాయాలని నేను గట్టిగా నమ్ముతాను. మన దగ్గర దాన్ని పిల్లల వ్యవహారంగానే చూస్తున్నారు.

ఇప్పుడు మీ నాన్నగారి గురించి. ముందే తీసుకెళ్లి ఉంటే బతికేవారా అని అడిగారు. ముందుగా వెళ్లడం మంచిదే, పైన ఇంతసేపూ నేను చెప్పింది అదే. కానీ మీ నాన్నగారి ఒక్కరి విషయంలో ఏం జరిగి ఉండేదో ఏ డాక్టరూ చెప్పలేడు. 2021 మే నెల ఎలాంటిదో మీకు తెలుసు. డెల్టా రకం వైరస్, మంచాల కోసం ఆస్పత్రుల చుట్టూ తిరుగుళ్లు, సిలిండర్ల కోసం రాత్రంతా ఫోన్లు. 45 దాటి వేరే జబ్బులున్నవాళ్లకి టీకా మొదలైందే ఆ ఏడాది మార్చి 1న. మే నాటికి ఎంతోమందికి ఒక్క డోసు కూడా పడలేదు. ఆరో రోజున మంచం దొరికిందంటే దాని కోసం మీరెంత తిరిగారో నేను ఊహించగలను. ఆ నెలలో నా దగ్గర బైపాస్ అయి, షుగర్ కూడా ఉన్న డెబ్బై ఏళ్ల పెద్దాయన కోలుకుని నడిచి ఇంటికి వెళ్లారు. పక్క మంచం మీద ఏ జబ్బూ లేదని రాయించుకున్న నలభై రెండేళ్ల మనిషి పోయారు. చేరిన రోజున ఆయన షుగర్ 380. జబ్బు లేదని కాదు, ఉందని తెలియలేదు. ఆయన భార్య కూడా మీరడిగిన ప్రశ్నే అడిగింది. అప్పుడు మీకు తెలిసినదానితో, చేతిలో ఉన్నదానితో చేయగలిగింది చేశారు. ఆ తప్పు మీ మీద వేసుకోకండి అమ్మా.

మీ అమ్మగారికి వచ్చేది ఆ మే నెల కాదు. టీకాలు పడ్డాయి, ఏ మందు ఎప్పుడు ఇవ్వాలో తెలిసింది, మంచాలు ఉన్నాయి. ఆవిడ మొన్న 420 షుగర్‌తో, మాత్రలు లేకుండా ఒక జ్వరాన్ని దాటారు. "నేను పోతాను" అన్నప్పుడు ఆ సంగతి ఆవిడకి గుర్తు చేయండి. ఆవిడ మాటలో జబ్బు భయంతో పాటు ఆయన లేని దిగులు కూడా ఉందని నాకనిపిస్తోంది. నిద్ర పట్టకపోవడం, తిండి మీద ఆసక్తి పోవడం ఉంటే డాక్టర్‌కి ఆ సంగతీ చెప్పండి. దిగులుతో మాత్రలు మానేసేవాళ్లు చాలామంది ఉంటారు, దానికీ వైద్యం ఉంది.

ఈ వారంలో చేయాల్సింది ఒకటుంది. జ్వరంలో కిడ్నీలు దెబ్బతిన్నాయేమో చూడ్డానికి క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు మళ్లీ చేయించండి. ఆ రిపోర్టులూ, ఆవిడ వాడే మాత్రలన్నీ అట్టలతో సహా ఒక సంచిలో వేసుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. "జ్వరం వచ్చిన రోజు వీటిలో ఏది ఆపాలి, ఏది ఆపకూడదు, ఎప్పుడు మీకు ఫోన్ చేయాలి" అని అడిగి ఒక్కో మాత్ర ఎదురుగా తెలుగులో రాయించుకోండి. ఒక కాపీ ఫ్రిజ్ మీద అంటించండి, ఒకటి ఆర్‌ఎంపీ గారికి ఇవ్వండి. రిపోర్టుల్లో క్రియాటినిన్ 1.5 కంటే పెరిగి ఉంటే కిడ్నీ డాక్టర్‌కి చూపించడానికి నెల రోజులు ఆగకండి. చీటీలో ఏదైనా అర్థం కాకపోతే మళ్లీ రాయండి, అంకెలతో సహా.